వరదలో మునిగిన తోట దీపాలు: ఆపేయడం నా తప్పా?

విజయవాడ ఉత్తర శివారులో, బుడమేరుకు దగ్గరగా ఉండే ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, కాలనీ వివరాలు తీసేసి అందులోని విషయం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 41. భర్త మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో ఆమె, ఎనిమిదేళ్ల కూతురు, 79 ఏళ్ల మామగారు ఉంటారు. ఆయన హైస్కూలు ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. ఇంటి చుట్టూ నాలుగు వందల గజాల తోట ఉంది. అత్తగారికి చూపు మందగించినప్పుడు, సాయంత్రం పూట ఆమె తులసి కోట దాకా, అక్కడి నుంచి మామిడి చెట్టు కింది సిమెంటు బల్ల దాకా తడుముకోకుండా నడవాలని 2019లో మామగారు దారి పొడవునా దీపాలు పెట్టించారు. దారి పక్కన మోకాలెత్తు స్తంభాల దీపాలు 14, చెట్ల మొదట్లో నేలలో గుచ్చే దీపాలు 6, గేటు స్తంభాల మీద 2. అన్నిటికీ 230 వోల్టుల కరెంటే. ‘ఐపీ 67 రకం, నీళ్లలో మునిగినా ఏమీ కాదు’ అని దుకాణంలో చెప్పారట. అత్తగారు 2022 కార్తిక మాసంలో కన్నుమూశారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఊరి మీద పడినప్పుడు వాళ్ల ఆవరణలో నాలుగడుగుల నీరు ఐదు రోజులు నిలిచింది. ప్రభుత్వం ఇచ్చిన 25 వేల రూపాయలు కొత్త మెయిన్ బోర్డుకూ, నీళ్ల మోటారుకూ అయిపోయాయి. తోట దీపాల సంగతి డిసెంబరు దాకా ఎవరికీ గుర్తు రాలేదు. అప్పుడు ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి వస్తున్న ఎలక్ట్రీషియన్, మామగారి పాత విద్యార్థి, బురద కడిగి, పోయిన బల్బులు మార్చి దీపాలు వెలిగించాడు. మళ్లీ వానలు మొదలయ్యాక కష్టాలు వచ్చాయి. చినుకు పడితే చాలు, కరెంటు ఎక్కడైనా నేలలోకి కారితే లైను తెంచే ఆర్‌సీసీబీ ట్రిప్ అయ్యి ఇల్లంతా చీకటయ్యేది. జులైలో అతను తోట లైనును ఆర్‌సీసీబీ నుంచి తప్పించి మెయిన్ నుంచి నేరుగా ఒక ఎంసీబీకి, అంటే తీగల్లో భారం మితిమీరితే లైను తెంచే స్విచ్చుకు, కలిపాడు. ట్రిప్ కావడం ఆగిపోయింది.

పోయిన నెల ఒక సాయంత్రం, వాన వెలిసిన తర్వాత, పాప వట్టి కాళ్లతో వెళ్లి గేటు స్తంభం మీది ఇనుప దీపాన్ని పట్టుకుంది. ‘చేయి జివ్వుమందమ్మా’ అంటూ పరుగెత్తుకొచ్చింది. ఈమె వెంటనే తోట ఎంసీబీ దించి, ఎవరూ వేయకుండా దానికి టేపు అంటించారు. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టరు పెట్టి చూసి, ‘తేమకు కొంచెం వస్తుంది, పరవాలేదు’ అన్నాడు. మామగారు అన్నం దగ్గర తప్ప మాట్లాడటం తగ్గించేశారు. ఒకరోజు మాత్రం, ‘ఆవిడ పోయాక నాకు మిగిలింది ఆ దారే, అదీ చీకటి చేశావమ్మా’ అన్నారు. భర్త ఫోనులో, ‘ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషికి తెలియదా?’ అంటున్నారు. అన్నయ్య అన్నీ పీకేసి సోలార్ దీపాలు పెట్టమంటున్నారు. ఒక కాంట్రాక్టరు మొత్తం కొత్తగా వేయడానికి లక్షా ఎనభై వేలు అడిగాడు. కార్తికంలో అత్తగారి సాంవత్సరికం ఉంది, బంధువులు వస్తారు. ‘నేను అతిగా భయపడుతున్నానా? దీపాలు వేయనా, పీకించనా? మామగారి మనసు నొప్పించకుండా ఈ పని ఎలా చేయాలి?’ అని ఆమె అడుగుతున్నారు.

*

అమ్మా, మీరు అతిగా భయపడటం లేదు. మీ ఇంట్లో ఈ విషయం మీద మాట్లాడుతున్న నలుగురిలో సరైన పని చేసింది మీరొక్కరే. ఆ టేపు అలాగే ఉంచండి.

మిగతా విషయాలకు వెళ్లే ముందు ఈ ఒకటి రెండు రోజుల్లో చేయవలసిన పనులు చెబుతాను. ఇళ్లలో ఒక్కో లైనుకు వాడే ఎంసీబీ సాధారణంగా ఫేజ్ తీగను మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ కలిసే ఉంటుంది. బోర్డు దగ్గరే ఆ రెండు తీగలూ తారుమారై, ఎంసీబీకి న్యూట్రల్ కలిపి ఉంటే, ఎంసీబీ దించినా దీపాలకు కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకని మెయిన్ ఆపించి, తోట లైను తీగలు రెండింటినీ బోర్డు నుంచి విప్పించి, కొసలకు విడివిడిగా ఇన్సులేషన్ చేయించండి. ఇది ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని, మీరు బోర్డు తెరవకండి. గేటు స్తంభంలోకి కాలింగ్ బెల్లుకో కెమెరాకో వేరే తీగ వెళ్తూ ఉంటే పాపకు తగిలిన కరెంటు దానిదీ కావచ్చు. కాబట్టి ఇప్పుడు షాకు వస్తోందో లేదో చేత్తో ముట్టుకుని ఎవరూ చూడవద్దు. స్తంభానికీ నేలకూ మధ్య వోల్టేజి ఎంతుందో మల్టీమీటరుతో కొలవాలి. గేటుకో, ఆ స్తంభాలకో బట్టలారేసే తీగ కట్టి ఉంటే ఈరోజే విప్పేయండి. వానాకాలంలో దండెం తీగకు కరెంటు తగిలి ప్రాణాలు పోయిన వార్తలు మనం ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం.

ఇక మీ ఎలక్ట్రీషియన్ అన్న ‘కొంచెం వస్తుంది’ సంగతి. ఈ మాటను విప్పి చూడకపోతే మీ వారికీ మామగారికీ మీరు చెప్పేది భయంగానే వినిపిస్తుంది.

ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటునూ సరిచూస్తుంది. రెండూ సమానంగా లేవంటే, తగ్గిన కరెంటు నేలలోకో గోడలోకో మనిషిలోకో పోతోందన్నమాట. ఇళ్లలో మనుషుల రక్షణకు పెట్టే రకం, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి 0.3 సెకన్లలోపే లైను తెంచేస్తుంది. మీ ఇంట్లో అది చినుకు పడినప్పుడల్లా ట్రిప్ అయిందంటే, తడిసినప్పుడల్లా మీ తోట నేలలోకి కరెంటు కారుతోందని వానలు మొదలైనప్పటి నుంచీ మీకు చెబుతూ వచ్చింది. జులైలో ఆగిపోయింది ఆ చెప్పడం మాత్రమే. కారడం ఆగలేదు.

ఎంసీబీ ఉంది కదా అని మీ వారు అడగవచ్చు. ఎంసీబీ తీగలు వేడెక్కి కాలిపోకుండా కాపాడేది. ఒక లెక్క చూడండి. దీపం ఇనుప ఒంటికి ఫేజ్ తగిలిందనుకుందాం. మీ ఎర్త్ గుంత వరద బురదకు పాడై దాని నిరోధం 50 ఓమ్‌లకు పెరిగిందనుకుందాం. 230ని 50తో భాగిస్తే పారేది 4.6 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని మామూలు వాడకంగానే లెక్కిస్తుంది. ఎన్ని గంటలైనా అలాగే ఉంటుంది. ఆ స్తంభానికి వెళ్లే ఎర్త్ తీగే తెగిపోయి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. ఎవరూ ముట్టుకోనంతసేపూ ఏమీ జరగదు, ముట్టుకున్న మనిషే ఎర్త్ తీగ అవుతాడు. తడి చేతులు, వట్టి కాళ్లు, తడి నేల కలిసినప్పుడు శరీర నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టులకు ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతు కూడా ప్రమాదకరమే. పాపకు జివ్వుమనడంతో పోయిందంటే ఆ సాయంత్రం కారుతున్నది తక్కువ, లేదా పట్టు వెంటనే వదిలింది. రేపటి వానకు ఎంత కారుతుందో ఎవరూ చెప్పలేరు.

టెస్టరు గురించీ ఒక మాట. అది వెలిగితే వోల్టేజి ఉందని తెలుస్తుంది, ఎంత ప్రమాదమో తెలియదు. వెలగకపోతే ఏమీ లేదని నమ్మడానికీ లేదు. టెస్టరు చూసి ‘పరవాలేదు’ అనే మాట ఎన్నేళ్ల అనుభవమున్నవారు అన్నా ఒప్పుకోవడానికి వీల్లేదు.

అలాగని అతన్ని దోషిగా నిలబెట్టకండి. ఇల్లంతా చీకటవుతోందని మీరే పదిసార్లు ఫోను చేసి ఉంటారు. అతను దొరికిన దగ్గర దారి పట్టాడు. చాలా ఇళ్లలో ఇదే చేస్తారు. చేసింది ప్రమాదకరమైన పని, అందులో నాకు రెండో మాట లేదు. అయితే దాని వెనక దురుద్దేశం లేదు. ఈ తేడా మీ మామగారితో మాట్లాడేటప్పుడు మీకు చాలా అవసరమవుతుంది.

వెలుగుతున్న దీపానికి లోపలేం జరిగి ఉంటుందో కూడా చెబుతాను, ఎందుకంటే బల్బు వెలిగితే లైను బాగున్నట్టేనని అందరం అనుకుంటాం. ఐపీ 67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచి చేసే పరీక్షలో నిలిచిందని అర్థం. మీ దగ్గర నిలిచింది నాలుగడుగులు, అంటే మీటరు దాటి, ఐదు రోజులు. పైగా ఆ గుర్తింపు కొత్త దీపానిది. ఐదేళ్లు ఎండకు ఎండి బిగుసుకుపోయిన రబ్బరు వాషరుకు అది వర్తించదు. అసలు నష్టం దీపంలో కంటే అతుకుల్లో జరుగుతుంది. 22 దీపాలను ఒకదాని నుంచి ఒకదానికి తీగ లాగి కలిపి ఉంటే, మట్టిలో నలభై యాభై అతుకులు ఉంటాయి. వాటికి చుట్టింది మామూలు నల్ల టేపే అయితే నీళ్లు మొదటిరోజే లోపలికి వెళ్లాయి. వెళ్లి అక్కడ ఆగవు. తీగ లోపలి సన్నని రాగి పోగుల మధ్య నుంచి, వత్తిలో నూనె పాకినట్టు, అడుగుల కొద్దీ పాకుతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదానిలాగే మెరుస్తుంది, లోపల రాగి నల్లబడుతుంది, పచ్చబడుతుంది. డిసెంబరులో నేల ఆరి ఉంది కాబట్టి దీపాలు బాగా వెలిగాయి. వానలు పడగానే బయటపడింది.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ముందు కొలత తీయించండి. తీగల ఇన్సులేషన్‌ను మెగ్గరుతో, అంటే ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో, 500 వోల్టుల మీద కొలవాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ లైను వాడటానికి పనికిరాదు. ఆరోగ్యంగా ఉన్న తీగకు వందల్లో వస్తుంది. కొలిచే ముందు ఎల్‌ఈడీ దీపాలన్నీ విప్పాలి, లేకపోతే ఆ వోల్టేజికి వాటిలోని సర్క్యూట్లు పాడవుతాయి, కొలతా తప్పుతుంది. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: ఎండిన రోజున కొలవవద్దు. ముందురోజు సాయంత్రం తోటంతా బాగా తడిపి, తెల్లవారి కొలిపించండి. పొడి నేల మీద వచ్చిన మంచి అంకె మిమ్మల్ని మళ్లీ జులైకే తీసుకెళ్తుంది.

అంకె తక్కువ వస్తే లైనును సరిగ్గా మధ్యలో విప్పి రెండు సగాలను విడివిడిగా కొలవాలి. చెడ్డ సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఒకే చోట లోపముంటే, 22 దీపాల లైనులో ఐదు కొలతలతో దాన్ని పట్టుకోవచ్చు. మీ దాంట్లో ఒకటి కంటే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. అయినా పద్ధతి ఇదే. అదే రోజు ఎర్త్ గుంతనూ కొలిపించండి. ఇంటికి 5 ఓమ్‌ల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. గుంత పైన తీగ బిగించే బోల్టు తుప్పు పట్టి ఊడిపోయి ఉండటం వరద ఇళ్లలో మామూలే. ఆర్‌సీసీబీ కొత్త బోర్డుతోపాటు వచ్చిందా, లేక పాతదాన్నే తుడిచి మళ్లీ బిగించారా అన్నది కూడా చూడండి. నీళ్లలో మునిగిన ఆర్‌సీసీబీనీ ఎంసీబీనీ ఆరబెట్టి వాడకూడదు, ఎంత బాగా పనిచేస్తున్నట్టు కనిపించినా పారేయవలసిందే.

కొలతలు చేతికొచ్చాక మీ ముందు మూడు నాలుగు దారులు ఉంటాయి. ఏది ఎంచుకోవాలో మీ డబ్బు, ఓపిక, మళ్లీ వరద వస్తుందన్న మీ అంచనా తేల్చాలి.

ఉన్నదాన్నే బాగుచేయడం ఒక దారి. చెడ్డ అతుకులన్నీ కోసేసి, రాగి ఎర్రగా మెరిసే చోటు దాకా తీగను కత్తిరించి, నీరు చొరబడని జెల్ నింపిన అతుకుల డబ్బాలు వాడి మళ్లీ కలపడం. అడుగు దాకా కత్తిరించినా రాగి నల్లగానే ఉంటే ఆ ముక్క మొత్తం మార్చాలి. తోటకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. దాని ఖరీదు రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. అప్పుడు తోటలో లోపం వస్తే తోటే చీకటవుతుంది, ఇల్లు వెలుగుతూనే ఉంటుంది. మీ ఎలక్ట్రీషియన్ జులైలో చేసి ఉండవలసింది ఇదే. ఈ దారిలో ఇప్పటికి ఖర్చు తక్కువ. అయితే ఐదు రోజులు నానిన తీగ ఒకచోట బాగుచేస్తే వచ్చే వానకు ఇంకోచోట బయటపడుతుంది. ఏటా ఒకసారి తవ్వుకోవడానికి సిద్ధపడి చేయాలి. మెగ్గరు అంకెలు చాలాచోట్ల ఒకటి కంటే తక్కువ వస్తే ఈ దారి మరిచిపోండి.

రెండోది తోటంతా 24 వోల్టులకు మార్చడం. నా మొగ్గు దీని వైపే, మీ ఇంట్లో పసిపిల్లా పెద్దాయనా ఉన్నారు కాబట్టి, బుడమేరు పక్కనే ఉన్నారు కాబట్టి. 230 వోల్టులు వరండా గోడ దగ్గరే ఆగిపోతాయి. అక్కడ డ్రైవరు అనే పెట్టె దాన్ని 24 వోల్టుల డీసీగా మార్చి తోటలోకి పంపుతుంది. ఆ తీగ తడిసినా, తెగినా, పాప పట్టుకున్నా ప్రాణాపాయం ఉండదు. డ్రైవరు విషయంలో మాత్రం చవక చూడకండి. లోపలికి వచ్చే కరెంటుకూ బయటికి వెళ్లే కరెంటుకూ మధ్య పూర్తి ఐసొలేషన్ ఉన్నదేనని, అంటే ఆ రెండిటికీ నేరుగా తీగ సంబంధం లేనిదేనని, అడిగి, పెట్టె మీద చూసి కొనండి. అది లేనిది పెడితే 24 వోల్టుల తీగలోకే 230 రావచ్చు, అప్పుడు ఇంత ఖర్చూ వృథా. డ్రైవరూ, తోట స్విచ్చులూ వరద గుర్తు కంటే కనీసం రెండడుగులు పైన, అంటే ఆవరణ నేల నుంచి ఆరడుగుల ఎత్తున బిగించండి. గోడ మీద ఆ నీటి చార ఇంకా కనబడుతూనే ఉండి ఉంటుంది.

12 వోల్టుల దీపాలు మార్కెట్లో ఎక్కువగా దొరుకుతాయి, మరి 24 ఎందుకంటున్నానో చెప్పాలి. మీరు గీసి పంపిన పటం ప్రకారం చివరి దీపం దాదాపు 30 మీటర్ల దూరంలో ఉంది. దారి దీపాలు 14, ఒక్కోటి 3 వాట్లు, మొత్తం 42 వాట్లు. 12 వోల్టుల మీద అది 3.5 ఆంపియర్లు. భారమంతా చివరే ఉందనుకుని లెక్కవేస్తే, 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి. గేటు దగ్గర ప్రకాశంగా, మామిడి చెట్టు కింద మసకగా ఉంటుంది. మీ మామగారు కూర్చునేది ఆ మసకలోనే. 24 వోల్టులైతే కరెంటు సగమవుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే పోయేది ఒక వోల్టు లోపే. పాత తీగ ఉంది కదా, అందులోనే 24 పంపుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డీసీ కరెంటు తడి అతుకుల దగ్గర రాగిని ఇంకా త్వరగా తినేస్తుంది.

ఖర్చు విషయానికి వస్తే, మీరు పంపిన లక్షా ఎనభై వేల అంచనాలో పెద్ద భాగం 22 కొత్త దీపాలకే ఉంది. దారి పక్కన ఉన్న ఆ పోత అల్యూమినియం స్తంభాలను పారేయనక్కరలేదు. లోపలి హోల్డరు, తీగ తీసేసి, ఎండిన బురదను కడిగి, వాషరు మార్చి, కొత్త 24 వోల్టుల ఎల్‌ఈడీ పెట్టించవచ్చు. లోపల సర్క్యూటు బిగించి ఉన్న నేల దీపాలు ఆరూ మాత్రం పోయినట్టే లెక్క. వాటిని తిరిగి పెట్టవద్దని కూడా అంటాను. వరద బురద కింద వేళ్లకు గాలి అందక అలసిపోయిన చెట్లు అవి. మామిడి మొదట్లో మళ్లీ కాలువ తవ్వి వేళ్లు తెంచడం కంటే ఒకటి రెండేళ్లు వాటిని చీకట్లో వదిలేయడం మంచిది. తీగ దారి కూడా చెట్టు నీడ పడే మేర తప్పించి, నడకదారి అంచున అడుగున్నర లోతున వేయించండి. కింద ఇసుక, తీగ మీద మళ్లీ ఇసుక, ఆపైన ఇటుకలు పరిపిస్తే రేపెవరైనా పలుగు దించినా ఇటుక ముందు తగులుతుంది.

మీ అన్నయ్య చెప్పిన సోలార్ దీపాల్లో తవ్వకం లేదు, షాకు భయం లేదు. ఎండ పడే గేటు దగ్గరా, దారి మొదటి సగంలోనూ అవి బాగానే ఉంటాయి. మామిడి నీడలో చార్జి కావు. మబ్బు పట్టిన రోజుల్లో, సరిగ్గా నేల జారుడుగా ఉండే రోజుల్లో, చీకటి పడిన గంట రెండు గంటలకే నీరసిస్తాయి. బ్యాటరీలు రెండు మూడేళ్లకు మార్చాలి. వరద వస్తే ముందురోజు పీకి లోపల పెట్టుకోవచ్చన్నది వాటి గొప్ప సౌకర్యం. ఒంటరిగా నడిచే పెద్దాయన మెట్ల దగ్గర మాత్రం వాటి మీద ఆధారపడవద్దు.

ఏమీ తవ్వకుండా, వరండా గోడకు పైకప్పు కింద రెండు దీపాలు బిగించి, వాటిని ఇంటి ఆర్‌సీసీబీ కిందే ఉంచడం ఇంకో దారి. ఒక్కరోజు పని. వెలుగు తులసి కోట దాకా వస్తుంది, బల్ల దాకా పలచగా వస్తుంది. అందం తక్కువ. మిగతావి తేలేదాకా ఇది ఎలాగూ చేయించమని నా సలహా. ఎందుకంటే చీకటి కూడా ప్రమాదమే. 79 ఏళ్ల మనిషి చీకట్లో కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంటే ఆ మంచం నుంచి లేవడం కష్టం. మీరు దీపాలు ఆపినప్పటి నుంచి ఆయన ఆ దారిన నడవడం మానేశారా, లేక చీకట్లోనే నడుస్తున్నారా అన్నది మీరు రాయలేదు. ఈ సాయంత్రమే గమనించండి. కొనే దీపం తెల్లగా కొట్టొచ్చేది కాకుండా 3000 కెల్విన్ లోపు పసుపు ఛాయలో, బల్బు నేరుగా కంటికి కనబడకుండా మూత ఉన్నదిగా చూడండి. పెద్ద వయసు కళ్లకు వెలుతురు ఎక్కువ కావాలి, కానీ కంట్లో పడే వెలుతురుకు అడుగు కనబడకుండా పోతుంది.

ఇప్పుడు మామగారి విషయం. నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీ ఉత్తరంలో ఈ భాగమే.

ఆయనతో మీరు వైరింగు గురించి వాదిస్తున్నారు. ఆయన మీతో మాట్లాడుతున్నది భార్య గురించి. ఆమె చూపు తగ్గినప్పుడు ఆయన చేయగలిగిన పని ఆ దారి వేయించడం. ఆమె వెళ్లిపోయాక, వరద వచ్చి అన్నీ ముంచేశాక కూడా మళ్లీ వెలిగింది ఆ దారి. దాన్ని మీరు ఆపేశారు. కారణం సరైనదే, కానీ ఆయనకు కనబడేది టేపు అంటించిన స్విచ్చు. ఆపైన, ఆయన నేర్పిన విద్యార్థి మాటను మీరు నమ్మలేదన్న బాధ కూడా అందులో కలిసి ఉండవచ్చు.

అందుకని తీర్పు చెప్పే బాధ్యత మీ మీద పెట్టుకోకండి. కొలత తీసే రోజున ఆ ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. మెగ్గరు అతని దగ్గర లేకపోతే లైసెన్సు ఉన్న మరో వైర్‌మన్‌ను మీటరుతో రప్పించి, ఇద్దరినీ కలిసి చేయమనండి. మామగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టి, అంకెలు రాసిపెట్టమని కాగితం ఆయన చేతికివ్వండి. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ అని గడులు గీసి ఇస్తే ఆయన ఒక్క అంకె కూడా వదలరు. 0.2 అన్న అంకె తన చేత్తో తానే రాసుకున్నాక, ‘పరవాలేదు’ అన్న మాట ఇక ఎవరూ అనరు. అంకెలు బాగానే వస్తే మీరూ ఒప్పుకోవాలి. అప్పుడు ఆర్‌సీసీబీ కిందికి మార్చి దీపాలు వేసుకోండి, ఆ షరతు ఒక్కటీ వదలకండి.

ఒకవేళ ఎలక్ట్రీషియన్ కొలతకు ఒప్పుకోకపోతే, లేదా ఆర్‌సీసీబీ కిందికి మార్చనంటే, వేరే మనిషితో చేయించండి. మామగారు నొచ్చుకుంటారు. కొన్ని వారాలు ముభావంగా ఉంటారు. ఆ కష్టం భరించక తప్పదు. ఇందులో మాత్రం సర్దుబాటుకు చోటు లేదు.

మీ వారికి ‘భయంగా ఉంది’ అని చెప్పకండి. దూరాన ఉన్నవాళ్లకు భయం అనే మాట వింటే ధైర్యం చెప్పాలనిపిస్తుంది, పని చేయాలనిపించదు. ‘మన పాపకు గేటు దగ్గర షాకు కొట్టింది, ఆర్‌సీసీబీ తప్పించి ఉంది’ అని మెసేజి పెట్టండి. కొలతల కాగితం ఫొటో తీసి పంపండి. డబ్బు మాట ఆ తర్వాత ఎత్తండి.

కార్తికానికి 22 దీపాలూ సిద్ధం చేయాలన్న తొందర పెట్టుకోవద్దు. తొందరలో వేసిన అతుకులే కదా ఇంతదాకా తెచ్చింది. మామగారిని అడగండి: ‘మామయ్యా, అత్తయ్య దారిలో ముందు ఏయే దీపాలు రావాలి?’ అని. నా ఊహ ప్రకారం వరండా మెట్ల దగ్గర రెండు, తులసి కోట పక్కన ఒకటి, బల్ల దగ్గర రెండు చెబుతారు. ఆ ఐదూ 24 వోల్టుల మీద వేయించడానికి వారం చాలు, ఖర్చూ మీ చేతిలో ఉంటుంది. డ్రైవరు, మొదటి తీగ మాత్రం 14 దీపాలకూ సరిపడేవే వేయించండి, మిగతావి వీలునుబట్టి ఒక్కొక్కటే చేర్చుకోవచ్చు. ఆయన వేరే చోట్లు చెబితే అక్కడే పెట్టండి. సాంవత్సరికం నాటికి అవీ కాకపోతే, తులసి కోట చుట్టూ నూనె దీపాలున్నాయి, కార్తికంలో వాటికి ఎవరి అంచనా అవసరం లేదు. బంధువులకు వరండా గోడ దీపాలు చాలు.

పని పూర్తయ్యాక రెండు అలవాట్లు చేసుకోండి. ఆర్‌సీసీబీ మీద ‘టీ’ అనే మీట ఉంటుంది, నెలకొకసారి నొక్కండి. వెంటనే పడిపోవాలి. పడకపోతే అదే రోజు మార్పించండి. రెండోది, మామగారు రాసిన కొలతల కాగితాన్ని తేదీ వేసి బోర్డు తలుపు లోపలివైపు అంటించండి. వచ్చే జూన్‌లో తొలకరి పడగానే మళ్లీ కొలిపించి, పక్క గడిలో రాయమని ఆయనకే ఇవ్వండి.